పాత ఫిల్ములు పారేయకండి

ఛాతీ స్కాన్లు చదవడం నా పని. కొత్త సీటీ ముందుంటే నేను మొదట అడిగేది పాత ఫిల్ములే. ఊపిరితిత్తుల లింఫోమాను అనుమానించడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం లేదు.

లింఫోమా అనే క్యాన్సర్ ఎక్కువగా లింఫ్ గ్రంథుల్లో మొదలవుతుంది. ఊపిరితిత్తిలోనే పుట్టడం చాలా అరుదు. అలా పుట్టేవాటిలో ఎక్కువ భాగం నింపాదిగా పెరిగే మాల్ట్ రకం. 1983లో పీటర్ ఐజాక్సన్, డెనిస్ రైట్ ఈ జాతిని గుర్తించారు. అంతకుముందు ఊపిరితిత్తిలోని ఇలాంటి మచ్చలు చాలావాటిని క్యాన్సరే కాదనుకుని సూడోలింఫోమా అనేవారు.

సీటీలో ఈ మాల్ట్ లింఫోమా అచ్చం నిమ్ము చేరినట్టే ఉంటుంది. తెల్లటి మచ్చ మధ్యలోంచి శ్వాసనాళాలు నల్లగా సాగిపోతుంటాయి, నిండిన చెరువులో తుమ్మ కొమ్మలు పైకి కనిపించినట్టు. ఈ కణాలు నాళాల చుట్టూ, గాలిగదుల గోడల వెంబడి పాకుతాయే గాని దారులను అంతగా మూసేయవు. కాంట్రాస్ట్ ఎక్కించాక రక్తనాళాలూ ఆ మచ్చలోంచే చెక్కుచెదరకుండా వెళ్తుంటాయి. చూడటానికి ఎంతో స్పష్టమైన బొమ్మ. కానీ న్యుమోనియాలోనూ, ఒక రకం అడినోకార్సినోమాలోనూ ఇదే బొమ్మ రావచ్చు.

తేడా చెప్పేది కాలం. రెండేళ్ల కిందటి ఫిల్ములో అదే చోట అదే మచ్చ, కాస్త చిన్నగా ఉందంటే మామూలు న్యుమోనియా కాదు. మన దగ్గర ముందు టీబీని అనుమానించడం సబబే. అయితే కళ్లెలో క్రిమి దొరకక, మందులు వాడినా మచ్చ కదలకపోతే ఆగి ఆలోచించాలి. నోరు, కళ్లు ఎండిపోయే షోగ్రెన్ జబ్బు ఉందేమో అడగాలి. పెట్ స్కాన్‌లో అంతగా వెలగలేదని ఊరుకోకూడదు, మాల్ట్ ఒక్కోసారి మందకొడిగానే కనిపిస్తుంది. ఇంత చూడాల్సినచోట ఫిల్ముకు ఫోన్లో తీసిన ఫొటో పంపితే ఏం పోల్చగలం?

చివరికి తేల్చేది ముక్క పరీక్షే. "సూది గుచ్చితే పాకుతుందంటారు కదా సార్?" అని ఒక కొడుకు తల్లి పక్కన నిలబడి అడిగాడు. "ఆ భయంతో ఆపకు బాబూ, ముక్క లేకుండా అమ్మకు ఏ మందివ్వాలో ఎవరూ చెప్పలేరు" అన్నాను. ముక్క తీయకముందే స్టెరాయిడ్ మొదలుపెడితే మచ్చ తగ్గి, సూదికి అసలు కణాలు చిక్కకపోవచ్చు. ఈ మాట రిపోర్టు చివర విడిగా రాస్తాను. మాల్ట్ అని తేలాక, ఇబ్బందేమీ లేనివారిని కొన్నాళ్లు మందుల్లేకుండా స్కాన్లతో కనిపెట్టి చూడటమూ ఉంది. అప్పుడు పోల్చుకోవడానికి మళ్లీ ఆ ఫిల్ములే కావాలి.