బల్ల మీద చతురంగ బలాలు

రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాలిబంట్లు అనే నాలుగు అంగాలతో కూడిన ప్రాచీన భారత సేనకు చతురంగమని పేరు. ఆ పేరే ఆటకు వచ్చి తెలుగులో చదరంగమైంది, ఆ సేన జాడ నేటికీ ఏనుగు, గుర్రం, శకటు, బంటు అనే పావుల పేర్లలో కనిపిస్తుంది. అయితే యుద్ధం నుండి పుట్టిన ఈ ఆట యుద్ధంలోని మూడు ముఖ్య విషయాలను వదిలేసింది. చదరంగపు పలక మీద గుట్ట లేదు, బురద లేదు. తలపడిన పావులలో ఏది పడిపోతుందో ముందే తెలుసు. రాజు తలచిన ఎత్తు ఆలస్యం లేకుండా అమలవుతుంది. నేల, అదృష్టం, ఆజ్ఞ అందడంలోని కష్టం అనే ఈ మూడింటినీ తిరిగి ఆటలోకి తెచ్చి, వేలెడు పొడవైనా లేని బొమ్మ సైనికులతో ప్రాచీన సేనల పోరాటాలను బల్ల మీద నడిపించే సంప్రదాయమే సూక్ష్మ బొమ్మల యుద్ధక్రీడ.

ఈ సంప్రదాయపు మూలాలు జర్మన్ రాజ్యాలలో ఉన్నాయి. 1780లో బ్రన్స్‌విక్‌కు చెందిన హెల్విగ్ చదరంగపు పలకను ఎంతో పెద్దది చేసి, గళ్లకు వేర్వేరు రంగులు వేసి, వాటిని నదులుగా, అడవులుగా, కొండలుగా గుర్తించాడు. 1824లో ప్రష్యా సేనాధికారి రైస్‌విట్స్ గళ్లను తీసివేసి, నిజమైన భూపటం మీద దళాలను నడిపించి, నష్టాలను పాచికలతో తేల్చి, తీర్పు చెప్పడానికి మధ్యవర్తిని నియమించే క్రీడను ప్రకటించగా, దానిని ఆ దేశపు సైన్యం అధికారుల శిక్షణకు స్వీకరించింది. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రాసి, పిల్లల సీసపు సిపాయిలతో ఇంట్లోనే ఆడుకోదగిన నియమాలను ఇచ్చాడు; నిజమైన యుద్ధం కంటే ఈ చిట్టి యుద్ధమే మనిషికి మేలని ఆయన ఆ పుస్తకంలోనే వాదించాడు. ఆ మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది.

ప్రాచీన సేనల మీద ప్రత్యేక శ్రద్ధ ఆ తరువాత ఇంగ్లండులో పెరిగింది. టోనీ బాత్ చొరవతో 1965లో సొసైటీ ఆఫ్ ఏన్షెంట్స్ అనే సంఘం ఏర్పడి, ‘స్లింగ్‌షాట్’ (ఒడిసెల) అనే పత్రికను నడుపుతూ వచ్చింది. 1969లో ఫిల్ బార్కర్, ఆయన సహచరులు కలిసి ప్రాచీన యుద్ధాలకు విస్తృతమైన నియమావళిని వెలువరించారు. దళాల అలసటను, ఆయుధాలను, కవచాలను, ధైర్యాన్ని విడివిడిగా లెక్కించే ఇటువంటి నియమాలు క్రమంగా బరువెక్కడంతో, బార్కర్ బృందం 1990లో అందుకు పూర్తిగా భిన్నమైన చిన్న నియమావళిని ప్రచురించింది. దాని పేరు ‘డె బెల్లిస్ ఆంటిక్విటాటిస్’, లాటిన్‌లో ప్రాచీన కాలపు యుద్ధాలను గురించి అని అర్థం. ఆటగాళ్లు క్లుప్తంగా డి.బి.ఎ. అంటారు. ఈ సంప్రదాయపు మెళకువలను తెలుసుకోవడానికి ఇంతకంటే అనువైన ఉదాహరణ దొరకదు.

డి.బి.ఎ.లో ప్రతి సేనకూ పన్నెండు దళాలే ఉంటాయి. దళమంటే ఒకే చిన్న పీఠం మీద అతికించిన బొమ్మల గుంపు. పదిహేను మిల్లీమీటర్ల బొమ్మలతో ఆడేటప్పుడు ప్రతి పీఠమూ 40 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంటుంది, రెండడుగుల చదరపు బల్ల యుద్ధభూమికి సరిపోతుంది. బరువైన ఆయుధాలు పట్టిన కాలిబలం పీఠం మీద సాధారణంగా నలుగురు, రౌతుల పీఠం మీద ముగ్గురు, చెదిరి పోరాడే తేలికపాటి బంట్ల పీఠం మీద ఇద్దరు, గజదళానికి ఒక్క ఏనుగు ఉంటాయి. ఎంత కిక్కిరిసి నిలబడి పోరాడే దళమో బొమ్మల సంఖ్యే చూపిస్తుంది. పోరులో ఒక్కొక్క బొమ్మను తీసివేయడం ఉండదు. దళం నిలిస్తే మొత్తంగా నిలుస్తుంది, చెదిరితే మొత్తంగా చెదురుతుంది.

ఈ ఆటలోని మొదటి గొప్ప ఊహ ఆజ్ఞకు సంబంధించినది. తన వంతు రాగానే ఆటగాడు ఒక పాచిక వేస్తాడు. ఆరు పడితే ఆరు కదలికలు, ఒకటి పడితే ఒక్క కదలిక మాత్రమే చేయగలుగుతాడు. అయితే పక్కపక్కన ఒకే వరుసలో ఉన్న దళాలు ఎన్ని ఉన్నా వాటిని కలిపి ఒకే కదలికతో నడిపించవచ్చు. కాబట్టి బారులు తీరిన సేన ఒక్క ఆజ్ఞతో ముందుకు సాగుతుంది, చెల్లాచెదురైన సేనకు ఆరు ఆజ్ఞలు దొరికినా చాలవు. కంచు కొమ్ము, జెండా, గుర్రపు వార్తాహరుడు తప్ప మరో సాధనం లేని కాలంలో సేనాపతి ఎంత తక్కువ చేయగలిగేవాడో వివరించడానికి గ్రంథాలకు పుటలకు పుటలు పడతాయి. ఇక్కడ ఆ పని ఒక్క పాచిక చేస్తుంది.

రెండవ ఊహ పోరాటానికి సంబంధించినది. ప్రతి రకం దళానికీ కాలిబలంతో పోరాడేటప్పుడు ఒక అంకె, గుర్రాలు, ఏనుగుల వంటి వాహనబలంతో పోరాడేటప్పుడు ఒక అంకె ఉంటాయి. కత్తి దళానికి కాలిబలం మీద ఐదు, ఈటె దళానికి నాలుగు. ఇరువురూ చెరొక పాచిక వేసి తమ అంకెకు కలుపుతారు. తక్కువ వచ్చిన దళం వెనక్కి తగ్గుతుంది, ఎదుటివారి మొత్తంలో సగం లేదా అంతకంటే తక్కువ వస్తే నాశనమవుతుంది. ఇతర సవరణలు లేవనుకుంటే, కత్తి దళం ఎదుట ఈటె దళం ఒక్క పోరులో నాశనమయ్యే అవకాశం పద్దెనిమిదింట ఒకటి. కానీ పక్కనున్న తోటి దళం తప్పుకొని, ఆ ఖాళీలోకి శత్రువు పొడుచుకొని వస్తే ఈటె అంకె నుండి ఒకటి తగ్గుతుంది, దానితో ఆ ప్రమాదం ఆరింట ఒకటవుతుంది. రెండు పక్కలా అదే జరిగితే మూడింట ఒకటవుతుంది. వరుస చెదరకూడదని ప్రాచీన సేనాపతులు ఎందుకంత పట్టుదలగా ఉండేవారో ఈ మూడు భిన్నాలు చెబుతాయి. శత్రువు కంటే ఎక్కువగా నష్టపోతూ నాలుగు దళాలను పోగొట్టుకున్న సేన ఓడినట్టే. ప్రాచీన సేనలు చివరి మనిషి దాకా పోరాడి కాక, మూడో వంతు కుప్పకూలగానే ధైర్యం సడలి పరుగు తీసేవన్న చారిత్రక అవగాహన ఈ నియమం వెనుక ఉంది.

ఈ నియమాలు చరిత్రను ఎంతవరకు పట్టుకోగలవో తెలియడానికి క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున పురుషోత్తముడికీ అలెగ్జాండర్‌కూ జరిగిన యుద్ధం మంచి గీటురాయి. క్రేటరస్ అనే సేనానిని శిబిరంలోనే ఉంచి పురుషోత్తముడి దృష్టిని అటే నిలిపి, వానలో, రాత్రివేళ, నదికి ఎగువన రేవు దాటిన అలెగ్జాండర్ మీదికి మొదట వచ్చిన రథాలు బురదలో కూరుకుపోయాయి. ప్రధాన పోరులో పురుషోత్తముడు ఏనుగులను ముందు వరుసలో ఎడం ఎడంగా నిలిపి, వాటి వెనుక కాలిబలాన్ని, పక్కల రౌతులను, రథాలను ఉంచాడు. గ్రీకు గుర్రాలు ఏనుగులను చూసి బెదిరాయి. కానీ మావటులను, ఏనుగులను దూరం నుండి ఈటెలు విసిరి గాయపరచిన తేలిక బంట్లకు చిక్కి, అదుపు తప్పిన ఏనుగులు సొంతవారినే తొక్కాయి. డి.బి.ఎ.లో అందుకే ఏనుగు వాహనబలం మీద మహాబలశాలి అయినా, తేలిక బంట్ల చేతిలో ఒక్క అంకె తేడాతో ఓడినా నాశనమవుతుంది. పురుషోత్తముడి ఏనుగులు 200 అని అరియన్, 130 అని డియోడోరస్, 85 అని కర్టియస్ అనే ప్రాచీన చరిత్రకారులు రాశారు. పుస్తకం చదివేవారు ఈ తేడాను దాటిపోవచ్చు, బల్ల మీద ఏనుగులను నిలపవలసినవారు మాత్రం ఏదో ఒకటి తేల్చుకొని, ఎందుకలా తేల్చారో సమాధానం చెప్పుకోవలసిందే.

బొమ్మల తయారీ దానికదే ఒక కళ. తగరం ప్రధానంగా ఉన్న మిశ్రలోహంతో పోత పోసిన బొమ్మకు అచ్చు అతుకు దగ్గర మిగిలిన గీతను ఆకురాయితో తీసి, సబ్బు నీటితో కడిగి, రంగు పట్టడానికి ముందు పూత వేస్తారు. తరువాత అసలు రంగులు వేసి, నీళ్లలా పలచన చేసిన ముదురు రంగును పారిస్తే అది ముడతలలో చేరి నీడలవుతుంది; దాదాపు పొడిగా తుడిచిన కుంచెతో లేత రంగును పైపైన రుద్దితే ఎత్తైన భాగాలు వెలుగవుతాయి. మెరుపు లేని వార్నిష్ పూసి, పీఠం మీద జిగురుతో ఇసుక అంటిస్తే దళం సిద్ధమవుతుంది. ఈ పని చేసేవారికి డాలు మీది గుర్తు, తలపాగా చుట్టు, అంబారీ ఉందా లేదా అన్నవి అలంకారాలు కావు, ఆధారాలు వెదకవలసిన ప్రశ్నలు.

ఈ విద్యకు పరిమితులూ ఉన్నాయి. చిన్న తెగకూ మహా సామ్రాజ్యానికీ పన్నెండేసి దళాలే ఇవ్వడం ఆట కోసం చేసుకున్న ఒప్పందం. ఆకలి, రోగం, గాయపడినవారి బాధ పాచికలకు అందవు. నియమావళి కూడా చరిత్ర మీద ఒక అభిప్రాయమే కనుక కొత్త ఆలోచనలతో అది మారుతూ వస్తుంది. అయినా ఆ అభిప్రాయాన్ని అంకెలలో స్పష్టంగా చెప్పి పరీక్షకు నిలబెట్టడం దాని గొప్పతనం. లండన్ కింగ్స్ కాలేజీ ఆచార్యుడు ఫిలిప్ సాబిన్ 2007లో ‘లాస్ట్ బాటిల్స్’ అనే గ్రంథంలో ప్రాచీన యుద్ధాలను ఇటువంటి నమూనాతోనే పరిశీలించి, ఇది పండితులకూ పనికివచ్చే పనిముట్టని చూపించాడు.

డి.బి.ఎ. కాలపరిధి ప్రాచీన సుమేరు నుండి దాదాపు క్రీ.శ. 1500 వరకు సాగుతుంది గనుక శాతవాహనులూ కాకతీయులూ అందులోకి వస్తారు. కాకతీయ సేనను పన్నెండు పీఠాల మీద నిలపదలచినవారు ఏనుగులు ఎన్ని, రౌతులు ఎందరు, రాజుకు సేనను సమకూర్చే నాయంకరుల వెంట వచ్చే బంట్ల చేతిలో విల్లా, బల్లెమా అని శాసనాలనూ శిల్పాలనూ అడగవలసి వస్తుంది. తెలుగునాట చరిత్రను ప్రేమించే ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ పన్నెండు పీఠాలను ఒకసారి నింపి చూడాలి. రాజుల పేర్లూ తేదీలూ నేర్పలేని ప్రశ్నలు అక్కడ మొదలవుతాయి.