శంకుస్థాపనలో మంత్రం

అమరావతి శంకుస్థాపన 2015 అక్టోబరు 22న వేదమంత్రాల నడుమ జరిగింది. ప్రజాధనంతో కట్టే రాజధానికి మంత్రమెందుకని అడిగితే, సంప్రదాయమంటారు. 1949 అక్టోబరు 17న రాజ్యాంగసభలో, పీఠిక దేవుని పేరుతో మొదలు కావాలని కామత్ ప్రతిపాదించాడు. అనుకూలం 41, ప్రతికూలం 68. కాదన్నవారందరూ నాస్తికులు కారు. విశ్వాసాన్ని ఒకరిమీద రుద్దరాదని కుంజ్రూ వంటివారు వాదించారు.

కోనసీమవాళ్లం మరొకటి కూడా అడగాలి. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకొని అధికారి అవుతాడు. దానిని కేవలం చదువు మహిమ చాటే నాటకంగా నేను చదవలేను. ఆ అధికారి ఇవాళ ప్రభుత్వ భవనానికి శంకుస్థాపన చేయిస్తే, కాగితం మీద సంతకం ఆయనది. మంత్రం మాత్రం పురోహితుడిది. చెప్పులు విడిచి, చేతులు జోడించి, ఆయన పక్కన నిలుచోవలసిందే గదా!