రక్తమా, స్వాస్థ్యమా? – మాడిసన్ గ్రాంట్ జాతివాద గ్రంథముపై ఒక విమర్శ

అమెరికాలోని జాతివివక్షకు మూలము బానిసత్వమేనని మనము సాధారణముగా చెప్పుకొంటాము. అది నిజమే. అయితే బానిసత్వము రద్దయిన తరువాత కూడ ఆ వివక్షకు విజ్ఞానశాస్త్రపు ముసుగు తొడిగిన గ్రంథములున్నవి. వాటిలో ముఖ్యమైనది 1916లో మాడిసన్ గ్రాంట్ వ్రాసిన 'ద పాసింగ్ ఆఫ్ ద గ్రేట్ రేస్'. ఐరోపా ప్రజలలో నార్డిక్ జాతియే శ్రేష్ఠమని, విద్యగాని పరిసరములుగాని పుట్టుకతో వచ్చిన గుణమును మార్చలేవని, అల్పులని ఎంచబడినవారి సంతానమును నిరోధించాలని ఆయన వాదించాడు. ఇది 1883లో ఫ్రాన్సిస్ గాల్టన్ పేరుపెట్టిన యూజెనిక్స్, అనగా సుజనన సిద్ధాంతము, మీద కట్టిన వాదన.

వంశపారంపర్యము లేదని మేము అనము. అయితే గ్రంథకర్త ఒక వారసత్వమును చూచి మరొక దానిని చూడలేదు. ఆయన న్యూయార్కులోని ధనిక కుటుంబములో పుట్టి, పిత్రార్జితముతో జీవించినవాడు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టము క్రింద 160 ఎకరముల చొప్పున పంచిన ప్రభుత్వ భూములు ఎక్కువగా తెల్లవారికే దక్కినవి. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఆజ్ఞచేత విముక్తి పొందిన బానిసలకు 40 ఎకరముల వరకు కేటాయించిన భూములను, అదే సంవత్సరము అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. ఈ విధముగా చట్టము పుట్టించిన భేదమును గ్రాంట్ రక్తములోని భేదముగా లెక్కించాడు. ఇదే మా ప్రధాన విమర్శ. 2022లో ఫెడరల్ రిజర్వ్ జరిపిన సర్వే ప్రకారము తెల్లజాతి కుటుంబపు మధ్యస్థ సంపద 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబపు మధ్యస్థ సంపద 44,900 డాలర్లు.

ధనమే ఈ సిద్ధాంతమును పోషించింది. రైల్వే అధిపతి హారిమన్ మరణించిన తరువాత ఆయన భార్య ఇచ్చిన ధనముతో 1910లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో యూజెనిక్స్ రికార్డు ఆఫీసు ఏర్పడింది. 1924 వలస చట్టము దక్షిణ, తూర్పు ఐరోపావారిని మిక్కిలి తగ్గించి, ఆసియావారిని దాదాపు పూర్తిగా నిషేధించింది. అదే సంవత్సరము వర్జీనియా రాష్ట్రము తెల్లవారు ఇతరులను వివాహమాడకూడదని చట్టము చేసింది. 1927లో సుప్రీంకోర్టు నిర్బంధ సంతాన నిరోధ శస్త్రచికిత్సను సమర్థించింది. దేశములో 60,000 మందికి పైగా దానికి గురియైరి. ఆ వలస కోటాలు 1965లో, పౌరహక్కుల పోరాట కాలమున, రద్దయిన తరువాతనే మన తెలుగువారు అధిక సంఖ్యలో అక్కడికి వెళ్లగలిగారని మరువరాదు.

మరి సంఘమేమి చేసింది? 1926లో అమెరికన్ యూజెనిక్స్ సొసైటీ ఈ సిద్ధాంతముపై ప్రసంగముల పోటీ పెట్టగా, బహుమానము కొరకు పోటీపడిన కాపరులున్నారు. అంతకు 20 సంవత్సరముల ముందు, 1906లో, గ్రాంట్ స్థాపకులలో ఒకడైయున్న బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో ఓటా బెంగా అను కాంగో దేశస్థుని కోతుల మధ్య ప్రదర్శనకు పెట్టినప్పుడు, ఎదిరించి నిలిచినవారు నల్లజాతి బాప్టిస్టు సేవకులు. వారి నిరసన వలన ఆ ప్రదర్శన ఆగిపోయింది. ఒకే వాక్యమును చేతపట్టుకొన్నవారిలో ఒకరు మనిషిని తూకము వేసిరి, మరొకరు మనిషిని విడిపించిరి.

ద్వితీయోపదేశకాండము 9:4-6లో మోషే ఇశ్రాయేలీయులను హెచ్చరించిన మాట ఇక్కడ కీలకము. స్వాస్థ్యము పొందినవాడు దానిని తన యోగ్యతకు ఋజువుగా చూపకూడదు. పోగొట్టుకొన్నవాని భూమిని సునాద సంవత్సరమున తిరిగి ఇవ్వవలెనని లేవీయకాండము 25 చెప్పుచున్నది గాని, అతని రక్తమును పరీక్షించమని చెప్పుట లేదు. అపొస్తలుల కార్యములు 17:26 ప్రకారము రక్తమును బట్టి అతిశయించుటకు ఎవరికిని తావు లేదు.

గ్రాంట్ గ్రంథమును నేడు పండితులెవరును ప్రమాణముగా తీసుకొనరు. కాని ఆస్తిని చూచి వంశమును మెచ్చుకొను అలవాటు మాత్రము పోలేదు. పెండ్లి సంబంధములు కుదుర్చునప్పుడు, సంఘ పెద్దలను ఎన్నుకొనునప్పుడు 'మంచి కుటుంబము' అను మాట మన నోట వచ్చిన ప్రతిసారి, దాని వెనుక ఉన్నది భక్తియా, భూమియా అని కాపరులమైన మనము ప్రశ్నించుకొనవలెను.