జవాబివ్వని అహల్య

ఓల్గా ‘విముక్త’ కథల గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చాక ఆ చర్చ ఇంకా పెరిగింది. రామాయణాన్ని స్త్రీల వైపు నుంచి తిరగరాసిన కథలన్నాం, సోదరీత్వపు కథలన్నాం. నిజమే. కానీ చదివిన ప్రతిసారీ నన్ను ఆపేది మరొకటుంది. తెలియనితనాన్ని స్త్రీ ఎలా ఎదుర్కోవాలన్నది ఈ కథల్లో పెద్ద ప్రశ్న.

పురాణాలు స్త్రీని ఒకే బోనులో నిలబెడతాయి. తెలుసా, తెలియదా? శుద్ధురాలివా, కాదా? మధ్యలో చోటుండదు. వచ్చింది ఇంద్రుడని వాల్మీకి అహల్యకు తెలుసు. తర్వాతి కథనాలు చాలావాటిలో తెలియదు. తెలియదన్నవాళ్ళు ఆమెను కాపాడామనుకున్నారు. ‘మృణ్మయనాదం’లో అహల్య ఆ ప్రశ్నకే లొంగదు. విచారణ అంటేనే అపనమ్మకం కదా అంటుంది. ఎవరికి కావలసిన నిజాన్ని వాళ్ళనుకోనిస్తుంది. తన అనుభవాన్ని తీర్పుకి అప్పగించకపోవడమే ఆమె స్వేచ్ఛ.

‘సైకత కుంభం’లో రేణుక రోజూ ఇసుకతో కుండ చేస్తుంది. ఏకాగ్రత ఉన్నంతసేపే ఆ కుండ నిలుస్తుంది. ఒక్క చూపు చెదిరితే కుండ పోతుంది, తల మీదికొస్తుంది. పాతివ్రత్యమనే నిశ్చయం ఎంత పెళుసో ఇంతకంటే బాగా చెప్పలేం. ‘సమాగమం’లో శూర్పణఖ ప్రేమను అడిగిన పాపానికి ముక్కూ చెవులూ పోగొట్టుకున్న మనిషి. ఆమె తోట పెంచుతుంది. ఏ విత్తు మొలుస్తుందో, ఏది ఎండిపోతుందో తెలియకుండానే చేతులు మట్టిలో పెట్టడమది. సుధీరుడితో స్నేహం కూడా ఆ తోటపని తర్వాత వచ్చిందే. తన సార్థకతంతా అతనిలోనే ఉందనుకోదు కాబట్టే ఆ ప్రేమలో భయం లేదు.

అయితే నాకొక పేచీ ఉంది. ఈ కథల్లో ఎక్కువగా సీత అడుగుతుంది, మిగిలిన స్త్రీలు చెబుతారు. వాళ్ళంతా అప్పటికే ఒడ్డుకు చేరినవాళ్ళు. ఊర్మిళ తలుపులు మూసుకుని గడిపిన పద్నాలుగేళ్ళు మనకు ఫలితంగా అందుతాయి గాని ప్రయాణంగా కాదు. ఆ గదిలో ఆమె ఎన్నిసార్లు తలుపు దాకా వచ్చి ఆగిపోయిందో! ద్వేషానికీ తోటకీ మధ్య శూర్పణఖ గడిపిన పగళ్ళు కూడా తేరుకున్న మనిషి చెప్పే గతంగానే వినిపిస్తాయి. సందేహాన్ని గౌరవించే కథలు నిశ్చయమైన గొంతుతో మాట్లాడతాయి. అహల్య మౌనం ఒక్కటే దీనికి మినహాయింపు.

ఈ లోపం ఓల్గా ఒక్కరిది కాదు, మన విమర్శది కూడా. సదస్సుల్లో ఏ కథ మీద మాట్లాడినా చివరికి ఎవరో ఒకరు అడుగుతారు, ‘ఇంతకీ ఈ పాత్రకి చైతన్యం వచ్చినట్టా, రానట్టా?’ అని. గౌతముడి బోనే, మనం రంగు మార్చామంతే. నేను సిద్ధాంత గ్రంథం రాస్తున్నప్పుడు ప్రతి అధ్యాయం చివరా ‘నిర్ధారణలు’ ఉండాలన్నారు. ఏ కథ నాకు పూర్తిగా లొంగలేదో రాయడానికి అందులో గడి లేదు.

అనిశ్చితిని ఆహ్వానించమని స్త్రీలకు చెప్పడం తేలికే. నిండు గర్భిణిని అడవిలో వదిలిపెట్టడం అనిశ్చితి కాదు, అన్యాయం. వచ్చే ఏడాది కాంట్రాక్టు ఉంటుందో లేదో తెలియని అధ్యాపకురాలికీ, పుట్టింటి తలుపు తెరుచుకుంటుందో లేదో తెలియని ఆడపిల్లకీ ఉన్నది అభద్రత. దాన్ని తాత్వికంగా అలంకరించకూడదు. అభద్రతను ఇతరులు మన మీద రుద్దుతారు. కుతూహలం మనదే. అడవి సీత కోరుకున్నది కాదు. కానీ ఆ అడవిలో వికృతరూపమని అందరూ అనే స్త్రీ తోటను చూడాలని వెళ్ళడం ఆమె ఇష్టం. ‘విముక్త’ గొప్పతనం నాకు ఆ నడకలో కనిపిస్తుంది.

ఇకముందు సీతను రాసేవాళ్ళు ఆమెను జవాబు దాకా చేర్చకపోయినా పర్వాలేదు. ఆ నడకను ఇంకొంచెం పొడిగిస్తే చాలు.