లేని వెలుతురే సాక్ష్యం

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు క్వేజార్ అంటే ఒక బిట్: భారీ కృష్ణబిలం చుట్టూ కాగిపోతున్న వాయువు వెలుగు, చాలా దూరం. జవాబు తప్పేం కాదు. కానీ సుదూర విశ్వాన్ని చదివేవాళ్లకు క్వేజార్ చాలాసార్లు వెనకాల వెలిగే దీపం మాత్రమే. హైదరాబాద్‌లోనే 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆ తర్వాత దశాబ్దాల పాటు గాజు ప్లేట్ల మీద నక్షత్రాల చుక్కలను కొలిచింది. అక్కడ వచ్చిన వెలుతురే లెక్క. క్వేజార్ దగ్గర మాత్రం దారిలో తప్పిపోయిన వెలుతురే ఎక్కువ చెబుతుందని నా వాదన.

వర్ణపటాన్ని దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. హైడ్రోజన్ పరమాణువు 121.6 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని మింగుతుంది. మామూలుగా ఆ కాంతి మన వాతావరణాన్ని దాటి కిందికి రాదు. రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎంత సాగిందో చెప్పే అంకె) 3 దగ్గరున్న హైడ్రోజన్ మేఘం మింగిన గుర్తు మాత్రం, విశ్వం విస్తరించే కొద్దీ సాగి సాగి, 486 నానోమీటర్ల దగ్గర నీలి రంగులో నేల మీది టెలిస్కోపుకే చిక్కుతుంది. అంత దూరం కావడమే మనకు కలిసొచ్చింది! దారిలో ఎన్ని మేఘాలుంటే అన్ని గాట్లు. క్వేజార్ సొంత హైడ్రోజన్ శిఖరానికి నీలివైపున దువ్వెన పళ్ల మాదిరి వందల సన్నగీతలు. ఎర్రవైపున ఆ గుంపు కనిపించదు. మేఘాలన్నీ మనకూ క్వేజార్‌కూ మధ్యే ఉంటే కనిపించాల్సింది సరిగ్గా ఇదే. దీనికే లైమన్ ఆల్ఫా అడవి అని పేరు.

అసలు రెడ్‌షిఫ్ట్ దూరానికి కొలతేనా అని ఖగోళ శాస్త్రవేత్తలు హాల్టన్ ఆర్ప్, మన జయంత్ నార్లికర్ గట్టిగానే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. 1979లో ఒకే క్వేజార్ రెండుగా కనిపించింది. మధ్యలో తక్కువ రెడ్‌షిఫ్ట్ గెలాక్సీ కాంతిని వంచుతోందని తేలింది. అంటే క్వేజార్ దాని వెనకే ఉండాలి. కొన్ని గీతలు క్వేజార్ వెదజల్లే వాయువువే కావచ్చు కదా అంటే, నిజమే, అలాంటివీ ఉన్నాయి, వాటిని విడదీయాలి. కానీ 2000లో పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం అయుకా శాస్త్రవేత్త శ్రీఆనంద్, ఫ్రెంచి సహచరులు రెడ్‌షిఫ్ట్ 2.34 దగ్గరి మేఘంలో కార్బన్ గీతలను కొలిచి, అప్పటి విశ్వ నేపథ్య వికిరణం ఉష్ణోగ్రత 6 నుంచి 14 కెల్విన్ల మధ్య ఉందని లెక్కకట్టారు. ఇప్పుడది 2.7. విస్తరణ సిద్ధాంతం ఆ కాలానికి చెప్పే అంకె 9.1.