ఇచ్చిపుచ్చుకోవడం నుంచి వినియోగం దాకా: విద్యా సాంకేతిక ప్రమాణాల పరిభాషపై విమర్శ (కడప, కర్నూలు ఉదాహరణలతో)

వ్యాససంగ్రహం:

తెలుగు పాఠ్యసామగ్రి వేగంగా డిజిటల్ రూపంలోకి మారుతోంది. అయితే ఒక చోట తయారైన పాఠం మరొక చోట పనికివచ్చే స్థితి ఇంకా ఏర్పడలేదు. ఇది కేవలం సాంకేతిక లోపం కాదనీ, పరిభాషకూ లిపికీ నామనిర్దేశానికీ సంబంధించిన సమస్య అనీ, కనుక ఇందులో తెలుగు శాఖల బాధ్యత ప్రధానమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరస్పర వినియోగ్యత, ప్రమాణం, యూనికోడ్, అధిదత్తాంశం, స్కార్మ్, ఎక్స్‌ఏపీఐ, సి.పి. బ్రౌన్, రాయలసీమ.

1. ప్రవేశిక:

ఒక పాత పుస్తకాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా అంతర్జాలంలో ఉంచగానే అది డిజిటల్ వనరు అయిందని భావించడం సాధారణమైంది. నిజానికి అక్కడ జరిగింది పుటల ఛాయాచిత్రణం మాత్రమే. అందులో ఒక పదాన్ని వెతకడం సాధ్యం కాదు. ఒక పద్యాన్ని ఎత్తి పాఠంలో చేర్చుకోవాలంటే మళ్లీ టైపు చేయాలి. చూపులేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్‌కు ఆ పుట ఖాళీ కాగితంతో సమానం. యూనికోడేతర ఫాంట్లలో టైపు చేసిన పాఠాల స్థితి ఇంకా విచిత్రం. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో చక్కని తెలుగుగా కనిపించేది, అది లేని యంత్రంలో అర్థం లేని రోమన్ అక్షరాల వరుసగా మారుతుంది. కంటికి కనిపించే తెలుగు వేరు, యంత్రంలో నిక్షిప్తమైన తెలుగు వేరు. ఈ భేదాన్ని గుర్తించకుండా విద్యా సాంకేతికతను గురించి చేసే చర్చ అసంపూర్ణం.

2. పదం - నిర్వచనం:

1990లో ఐఈఈఈ వెలువరించిన కంప్యూటర్ నిఘంటువు ఇంటరాపరబిలిటీని నిర్వచిస్తూ రెండు పనులను పేర్కొంది. మొదటిది, రెండు లేదా అంతకు మించిన వ్యవస్థలు సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోగలగడం. రెండవది, అలా అందిన సమాచారాన్ని ఉపయోగించుకోగలగడం. తెలుగులో ఈ భావానికి అనుసంధానం, అనుకూలత, వినిమయం వంటి మాటలను వాడే అవకాశం ఉంది. అనుసంధానం కలపడాన్ని చెబుతుంది. అనుకూలత విరోధం లేకపోవడాన్ని చెబుతుంది. వినిమయం నిర్వచనంలోని మొదటి సగాన్ని మాత్రమే చెబుతుంది. రెండవ సగమైన ఉపయోగాన్ని కూడా సూచించేది కనుక 'పరస్పర వినియోగ్యత' అన్న పదం ఇక్కడ గ్రహించబడింది. స్కాన్ చేసిన పీడీఎఫ్ వినిమయానికి లొంగుతుంది, వినియోగానికి లొంగదు. పదాన్ని సరిగా ఎంచుకుంటే లోపం ఎక్కడుందో ఆ పదమే చూపిస్తుంది.

స్టాండర్డ్‌కు స్థిరపడిన 'ప్రమాణం' విషయంలో మరొక చిక్కు ఉంది. న్యాయదర్శనంలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలు యథార్థజ్ఞానానికి సాధనాలు. వ్యవహారంలో ప్రమాణమంటే ఒట్టు, కొలత అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఈ సంస్కారం వల్ల సాంకేతిక ప్రమాణం కూడా తిరుగులేని సత్యమన్న భ్రమ కలుగుతుంది. వాస్తవానికి అది కొందరు కూర్చుని చేసుకున్న ఒడంబడిక, కాలానుగుణంగా మారేది. పాఠాన్ని ఒక పొట్లంగా కట్టి ఏ వేదికలోనైనా విప్పగలిగేలా చేసే స్కార్మ్, 2001లో 1.2 రూపంలోనూ, తరువాత 2004 పేరుతోనూ వచ్చింది. బయటి బోధనోపకరణాన్ని కళాశాల వేదికకు కలిపే ఎల్‌టీఐ 2010లో వెలువడింది. 2019 నాటి 1.3 రూపంలో దాని మూలపదాలే మారాయి. అంతకుముందు 'ఉపకరణ వినియోగదారు', 'ఉపకరణ ప్రదాత' అన్నవి 'వేదిక', 'ఉపకరణం' అయ్యాయి. ఈ ప్రమాణాన్ని నిర్వహించే ఐఎంఎస్ గ్లోబల్ సంస్థ 2022లో తన పేరునే వన్‌ఎడ్‌టెక్‌గా మార్చుకుంది.

దీనినిబట్టి పరిభాషా నిర్మాణ పద్ధతిని పునఃపరిశీలించవలసి ఉంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాల ద్వారా ఉన్నత విద్యకు చేసిన సేవ ఎన్నదగినది. అయితే ఒక ఆంగ్లపదానికి ఎదురుగా ఒక తెలుగు పదాన్ని నిలిపే జాబితా పద్ధతి, అర్థం కూర్పుకూర్పుకూ మారే ప్రమాణాల పరిభాషకు చాలదు. పదంతో పాటు నిర్వచనం, ఏ ప్రమాణంలోని ఏ కూర్పుకు చెందినదో తెలిపే సూచన కూడా ఉండాలి.

3. అక్షరం - లెక్క:

కడప, కర్నూలు అనే రెండు ఊరి పేర్లనే తీసుకుంటే లిపి సమస్య స్పష్టమవుతుంది. తెలుగు పాఠకుని దృష్టిలో రెండూ మూడేసి అక్షరాల మాటలు. యూనికోడ్ లెక్కలో 'కడప'కు మూడు సంకేతాలు, 'కర్నూలు'కు ఏడు. క, ర, పొల్లు, న, ఊకారం, ల, ఉకారం అని యంత్రం లెక్కిస్తుంది. రకారపొల్లును విడిగా చూపడానికి కంటికి కనిపించని విభాజకం చేర్చి 'కర్‌నూలు' అని రాస్తే సంకేతాలు ఎనిమిది అవుతాయి. ప్రశ్నపత్రాలను వేదికల మధ్య తరలించడానికి ఏర్పడిన క్యూటీఐ ప్రమాణంలో ఖాళీ పూరించే ప్రశ్నకు జవాబు నిడివిని సూచించే అవకాశం ఉంది. ఆ నిడివిని అధ్యాపకుడు అక్షరాలలో ఊహిస్తాడు, యంత్రం సంకేతాలలో కొలుస్తుంది. 'అక్షరం' అన్న ఒకే మాటను రెండింటికీ వాడినంతకాలం ఈ పొరపాటు తప్పదు. కనుక 'అక్షరం', 'సంకేతం' అన్న పదాలను వేరుగా నిలపాలి.

కడప జిల్లాలోని మైదుకూరు పేరు మరింత సూక్ష్మమైన ఉదాహరణ. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఎత్వం, ఐత్వపు కిందిభాగం అనే రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. తెరపై రెండు రూపాలూ ఒకటే. ప్రమాణం ప్రకారం కూడా అవి సమానాలే. అయినా సమీకరణ అనే దశను పాటించని పరీక్షా వేదిక, ఒక రూపంలో సరైన జవాబు రాసిన విద్యార్థికి సున్నా వేస్తుంది. ఆ విద్యార్థికి తన తప్పేమిటో ఎన్నటికీ తెలియదు, ఎందుకంటే తప్పు కంటికి కనిపించదు.

ప్రాచీన వాఙ్మయ బోధనలో ఈ సమస్య పరిశోధనను కూడా తాకుతుంది. క్రీ.శ. 575 ప్రాంతానిదిగా భావించే కలమళ్ల శాసనం కడప జిల్లాలోనే ఉంది. తొలినాటి తెలుగు శాసనాలలో కనిపించే ఴకారం యూనికోడ్‌లోకి 2014లో గాని చేరలేదు. అంతకుముందు దానిని ళకారంతోనో మరో గుర్తుతోనో రాయడం తప్పనిసరి అయింది. చోళ, చోడ రూపాల చర్చకు ఈ వర్ణమే కీలకం. ఴకారాన్ని ళకారంగా టైపు చేసిన పాఠంతో అధ్యయనం చేసే పరిశోధకునికి, నిరూపించవలసిన ధ్వనిపరిణామం ముందే జరిగిపోయినట్లు కనిపిస్తుంది. దంత్య చకార జకారాలైన ౘ, ౙలు 2008లో చేరాయి. ఇవి చ, జలకు భిన్నమైన సంకేతాలు. అందువల్ల 'చుక్క' అని వెతికితే 'ౘుక్క' అని ఉన్న నిఘంటువులో ఆరోపం దొరకకపోవచ్చు. ఉచ్చారణభేదాన్ని కాపాడటం, వెతుకులాటను సుగమం చేయడం అనే రెండు ప్రయోజనాలనూ సమన్వయించే నియమాన్ని భాషావేత్తలే చెప్పాలి.

4. పేరు - గుర్తింపు:

ఒక వనరును గురించి తెలిపే వివరాలే అధిదత్తాంశం. 1995లో రూపుదిద్దుకున్న డబ్లిన్ కోర్ పదిహేను అంశాలతో ప్రసిద్ధమైంది. బోధనవనరుల కోసం ప్రత్యేకంగా ఎల్ఓఎం 2002లో ఐఈఈఈ ప్రమాణమైంది. ఇవన్నీ ఒక వస్తువుకు నిలకడైన గుర్తింపు ఒకటి ఉండాలనీ, పేర్లు ఎన్నైనా ఉండవచ్చనీ చెబుతాయి.

కడప చరిత్రే దీనికి ప్రబల నిదర్శనం. ఆంగ్లేయుల కాలపు రోమన్ వర్ణక్రమాన్ని ప్రభుత్వం 2005లో ఉచ్చారణకు దగ్గరగా మార్చింది. 2010లో జిల్లా వైఎస్సార్ పేరును పొందింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అన్నమయ్య జిల్లాలోకి పలు ప్రాంతాలు వేరుపడ్డాయి. జిల్లా పేరును వట్టి మాటగా నమోదు చేసిన గ్రంథసూచికలో, ఒకే గ్రామానికి చెందిన కైఫియత్తు, జిల్లా మాన్యువల్, నేటి పాఠ్యవనరు మూడు వేర్వేరు చోట్ల పడతాయి. గ్రామానికి ఒక స్థిరమైన గుర్తింపు ఇచ్చి, మారిన పేర్లన్నింటినీ దానికి తగిలిస్తే మూడూ ఒక చోటికి చేరతాయి.

విద్యార్థుల పేర్ల విషయంలో విమర్శ ప్రమాణాలపైకే మళ్లవలసి ఉంది. హాజరుపట్టీలను ఒక వ్యవస్థ నుంచి మరొకదానికి పంపే వన్‌రోస్టర్‌లో సొంత పేరు, ఇంటిపేరు అనే రెండు గడులు ఉన్నాయి. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది, తరచు పొడి అక్షరంగా మిగులుతుంది. కర్నూలు, కడప జిల్లాలలో అధికసంఖ్యలో ఉన్న ముస్లిం విద్యార్థుల పేర్లలో మొదట వచ్చే 'షేక్' ఇంటిపేరూ కాదు, పిలిచే పేరూ కాదు. దానిని ఏ గడిలో వేసినా తరగతిలో సగం మంది ఒకే పేరుతో నిలబడే ప్రమాదం ఉంది. 2021లో ఆరంభమైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వంటి వ్యవస్థలలో ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి విద్యార్థి సాధించిన క్రెడిట్లు బదిలీ కావాలంటే పేరు సరిపోలడం అవసరం. యోగి వేమన విశ్వవిద్యాలయం నుంచి రాయలసీమ విశ్వవిద్యాలయానికి మారే విద్యార్థికి ఇది సిద్ధాంతచర్చ కాదు, ఒక ఏడాది చదువుకు సంబంధించిన విషయం. ప్రమాణం సార్వత్రికమని చెప్పుకున్నా, దాని గడులు ఒక సంస్కృతి పేర్ల పద్ధతిని లోకరీతిగా భావించి గీసినవే.

5. క్రియ - వాక్యం:

2013లో 1.0 రూపం పొందిన ఎక్స్‌ఏపీఐ, అభ్యసన వివరాన్ని ఒక వాక్యంగా నమోదు చేస్తుంది. దానిలో కర్త, క్రియ, కర్మ అనే మూడు అంగాలు ఉంటాయి. వ్యాకరణం చదివినవారికి ఇది సుపరిచితమైన నిర్మాణం. ఇక్కడ క్రియకు ఒక స్థిరమైన గుర్తింపు ఉంటుంది. దానిని తెరపై చూపే మాటను భాషల వారీగా ఇవ్వవచ్చు. అంటే తెలుగును వాడినంత మాత్రాన పరస్పర వినియోగ్యత దెబ్బతినదు. ప్రమాణాలు పాటించాలంటే ఆంగ్లమే శరణ్యమన్న వాదానికి ఇందులోనే సమాధానం ఉంది.

అయితే తెలుగు క్రియ కర్తను అనుసరించి మారుతుంది. 'పూర్తి చేశాడు', 'పూర్తి చేసింది', 'పూర్తి చేశారు' అనే రూపాలలో లింగం, వచనం, గౌరవం ఇమిడి ఉన్నాయి. ఎక్స్‌ఏపీఐ ఒక క్రియకు ఒక భాషలో ఒకే మాటను ఆశిస్తుంది. 'పూర్తి చేశాడు' అని పెడితే విద్యార్థినుల రికార్డులన్నీ వ్యాకరణదుష్టం అవుతాయి. గౌరవవాచకమైన 'చేశారు' గాని, క్రియానామమైన 'పూర్తి చేయడం' గాని అనువైనవి. రెండింటిలో క్రియానామం కర్తతో పొత్తు కోరదు కనుక నిర్దుష్టం. ఇంత చిన్న నిర్ణయానికి కూడా భాషాజ్ఞానం అవసరమైనప్పుడు, దానిని అనువాదయంత్రానికి వదిలివేయడం సమంజసం కాదు.

6. కడపలో పూర్వరంగం:

భిన్నప్రతుల మధ్య పొత్తు కుదర్చడం కడపకు కొత్త కాదు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, తరువాతి కాలంలో అక్కడి తన బంగళాలో పండితులనూ లేఖకులనూ నియమించి గ్రంథపరిష్కరణ సాగించాడు. ఒక గ్రంథానికి దొరికిన పలు ప్రతులను పోల్చి, పాఠభేదాలు గుర్తించి, శుద్ధప్రతి రాయించడం ఆ పద్ధతి. వేమన పద్యాల సంకలనం 1829లో వెలువడింది. ఏ ప్రతి నుంచి ఏ పాఠం వచ్చిందో జాడ పోకుండా చూడటమే నేటి పరిభాషలో అధిదత్తాంశ నిర్వహణ. ఈ పద్ధతికి పరిమితి కూడా ఉంది. ఏది శుద్ధమో తుదకు తేల్చే అధికారం ఒక వలస పాలనోద్యోగిది, శ్రమ పండితులది. ఒడంబడికలో ఎవరి మాట చెల్లిందన్న ప్రశ్న నాటికీ నేటికీ సమానమే.

బ్రౌన్ నిఘంటువు డిజిటల్ జీవితం ఇంకొక పాఠం చెబుతుంది. తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1852లో వచ్చింది. షికాగో విశ్వవిద్యాలయ దక్షిణాసియా డిజిటల్ నిఘంటువులలో ఉన్నది 1903 నాటి సంస్కరించిన కూర్పు. దాని సంస్కర్తలలో కందుకూరి వీరేశలింగం ఒకరు. ఆ వనరు కూర్పు వివరాన్ని తెలుపుతూనే ఉంది. కాని ఆరోపాలు అక్కడి నుంచి పాఠాలలోకి, సిద్ధాంతగ్రంథాలలోకి వలసపోయేటప్పుడు 'బ్రౌన్ నిఘంటువు' అన్న పేరు మిగిలి, సంవత్సరం జారిపోతే, 1903లో చేరిన అర్థాన్ని 1852 నాటి సాక్ష్యంగా ఉటంకించే ప్రమాదం ఉంది. పదచరిత్రపై పరిశోధించేవారికి ఇది అర్ధశతాబ్దపు దోషం.

వనరులు ఒకే సంస్థ ఆధీనంలో ఉన్నప్పుడు నష్టం మరింత పెద్దది కావచ్చు. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. ఆ ఏడాది డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీ మొదలైంది. 2024 జూలైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠాల నాణ్యత ఎలా ఉన్నా, ఇటువంటి ప్రతి ఒప్పందంలోనూ ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. సంస్థ లేకపోయినా పాఠమూ, విద్యార్థి అభ్యసన చరిత్రా మరొక వేదికపై తెరుచుకుంటాయా?

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి.

• పరస్పర వినియోగ్యతలో వినిమయం సగమే. వినియోగం సిద్ధించనిదే డిజిటలీకరణ పూర్తయినట్లు కాదు.

• అక్షరం, సంకేతం అనే పదాలను వేరు చేసి, తెలుగు జవాబుల మూల్యాంకనానికి సమీకరణ నియమాలను భాషావేత్తలు నిర్ణయించాలి.

• ఊళ్లకూ గ్రంథాలకూ వ్యక్తులకూ స్థిరమైన గుర్తింపు ఇచ్చి, పేరు, కూర్పు, సంవత్సరం వంటి వివరాలను దానితో జోడించాలి.

• పేర్ల గడులు, క్రియారూపాలు వంటి చోట్ల ప్రమాణాలనే సవరించమని కోరే హక్కు తెలుగు సమాజానికి ఉంది. ఆ కోరికను సాధికారంగా వ్యక్తం చేయగలిగినవి తెలుగు శాఖలే.

యోగి వేమన విశ్వవిద్యాలయ నిర్వహణలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వంటి సంస్థలు కైఫియత్తుల వంటి ముద్రిత సంపదతో ఈ పనిని ఆరంభించడానికి అనువైనవి. ఒక మండలానికి చెందిన కైఫియత్తులను యూనికోడ్ పాఠంగా, గ్రామాల గుర్తింపుతో, పాఠభేదాల జాడతో సిద్ధం చేస్తే అది కర్నూలు తరగతిగదిలోనూ కడప తరగతిగదిలోనూ ఒకేలా పనిచేస్తుంది. తాళపత్రాల కాలంలో ప్రతుల మధ్య పొత్తు కుదిర్చిన పాఠపరిష్కర్తల పని నేడు యంత్రాల మధ్య కొనసాగవలసి ఉంది. దానికి కావలసిన మొదటి అర్హత పాఠం పట్ల శ్రద్ధ. ఆ శ్రద్ధ తెలుగు శాఖలకు వారసత్వంగా ఉన్నదే.