ఊడదీయడం వచ్చినవాళ్ల ఓడలు

చెక్కతో ఓడ నమూనా కట్టడం మొదలుపెట్టి సగంలో వదిలేసినవాళ్లను కదిపి చూడండి. చాలామంది ఆగిపోయింది ఒక్కచోటే. తెరచాపల దగ్గర కాదు, ఫిరంగుల దగ్గరా కాదు. ఓడ ముక్కు దగ్గర, ఐదో బద్దో ఆరో బద్దో అతికించే వేళ. అంతదాకా పని చకచకా సాగుతుంది. ప్లైవుడ్ వెన్నుపలక నిలబెట్టి, దాని గాడుల్లో అడ్డపలకలు దించి, మూలమట్టంతో సరిచూసుకుంటే ఓడ అస్థిపంజరం సిద్ధం. దాని మీద సన్నని చెక్కబద్దలు పరచడం మొదలవుతుంది. నాలుగు వరసలు బుద్ధిగా పడుకుంటాయి. ఆ తర్వాతది ముక్కు దగ్గర మొండికేస్తుంది. అంచు పైకి లేస్తుంది, గట్టిగా నొక్కితే నిలువునా చీలుతుంది. సామానంతా పెట్టెలో పడి అటకెక్కుతుంది.

ఇక్కడ అడ్డం తిరిగేది లెక్క. ఓడ నడుము లావు, ముక్కు సన్నం. నడుము దగ్గర వెన్నుదూలం నుంచి పైఅంచు దాకా వంపు వెంట కొలిస్తే 120 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 5 మిల్లీమీటర్ల బద్దలు 24 పడతాయి. అదే కొలత ముక్కు దగ్గర 72 మాత్రమే ఉంటే? ఆ 24 బద్దలూ అక్కడికి చేరాల్సిందే కాబట్టి ఒక్కొక్కటీ 3 మిల్లీమీటర్లకు సన్నబడాలి. కలీల లంగా కుట్టే దర్జీకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కిట్‌లో వచ్చే బద్దలు మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే వెడల్పు. వాటిని యథాతథంగా అతికించుకుంటూ పోతే ప్రతి వరసా ముందున్న వరస మీదికి ఎగబాకుతుంది.

అందుకే తెలిసినవాళ్లు జిగురు సీసా మూత తీయకముందే కాగితపు పట్టీలు తీస్తారు. ప్రతి అడ్డపలక అంచు వెంట పట్టీ పరిచి, పొడవు గుర్తుపెట్టి, దాన్ని 24 భాగాలు చేస్తారు. ఏ బద్ద ఎక్కడ ఎంత వెడల్పుండాలో అప్పుడు తేలుతుంది. దాని ప్రకారం బద్దను చిత్రిక పట్టి సన్నం చేస్తారు. దీనికొక హద్దుంది: ఏ బద్దా అసలు వెడల్పులో సగానికి తగ్గకూడదు. మరీ సన్నని కొసలో మేకు దిగితే చెక్క నిలవదు, ఇది అసలు ఓడలు కట్టిన వడ్రంగుల నియమమే. సగం కంటే తగ్గాల్సి వస్తే రెండు బద్దల్ని అక్కడే ముగించి, వాటి స్థానంలో ఒక్కటి ముందుకు పంపుతారు. ఓడ వెనక భాగంలో తంటా తిరగబడుతుంది. అక్కడ చాలాసార్లు బద్దల మధ్య ఖాళీ తెరుచుకుంటుంది, ఆ ఖాళీలో కోసుగా చెక్కిన ముక్క దూర్చాలి.

దీనికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, నా లెక్కలో బద్దల కంటే ముఖ్యమైనది. అడ్డపలకల అంచుల్ని ఓడ వంపుకు తగ్గట్టు ఏటవాలుగా అరగదీయాలి. లేకపోతే బద్ద ఆ అంచు మీద పూర్తిగా ఆనదు, మొన మీద నిలబడినట్టు ఉంటుంది. అరగదీయడం విసుగు పని, గదంతా పొట్టు, చూపించుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి చాలామంది తొందరపడతారు. ఇక బద్దలు అతికించేటప్పుడు ఎడమవైపు ఒకటి వేస్తే కుడివైపు ఒకటి వేయాలి. ఒకేవైపు నాలుగైదు వేశారంటే ఓడ మొత్తం ఆ పక్కకు మెలిపడుతుంది. మెలిపడిన ఒంటిని తర్వాత సరిచేయడం దాదాపు అసాధ్యం.

మిగతావన్నీ సరిచేయొచ్చు. ఈ విద్యలో పెద్దరికం కట్టడంలో కంటే ఊడదీయడంలో ఎక్కువ కనిపిస్తుందని నా అభిప్రాయం. ఫెవిక్విక్ లాంటి జిగురు క్షణాల్లో పట్టేస్తుంది. కొత్తవాళ్లకు అది వరంలా కనిపిస్తుంది. కానీ ఆ అతుకు పెళుసు, పైగా అది కారిన చోట తర్వాత వార్నిష్ ఎక్కదు, మచ్చ మిగులుతుంది. మామూలు తెల్ల ఫెవికాల్‌కు ఆరే ఓపిక కావాలి, గుండుసూదులూ క్లిప్పులూ కావాలి. కానీ నచ్చని బద్దను వారం తర్వాతైనా తీయొచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది అతుకు మీద కాసేపు ఉంచితే జిగురు మెత్తబడుతుంది. సన్నని బ్లేడు దూర్చి బద్దను లేపి, పాత జిగురు గీకి, కొత్తది వేసుకోవచ్చు. రెండు పొరల పద్ధతి వచ్చిందీ ఇందుకే అనిపిస్తుంది. మొదటి పొర మెత్తని చెక్క, ఎత్తుపల్లాలుంటే జిగురూ పొట్టూ కలిపి కూరి ఉప్పుకాగితంతో రుద్దేయొచ్చు. కంటికి కనిపించేది దాని మీద వేసే రెండో పొర.

తప్పు కొలతలతో దిగులుపడేవాళ్లు స్టాక్‌హోమ్‌లోని వాసా సంగతి తెలుసుకోవాలి. స్వీడన్ రాజు కోసం కట్టిన ఆ యుద్ధనౌక 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే, కిలోమీటరున్నర కూడా వెళ్లకుండా మునిగింది. పైభాగం బరువు ఎక్కువై, గాలికి పక్కకు ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు తాగింది. 1961లో పైకి తీసి పరిశోధిస్తే ఓడ రెండు పక్కలూ సమానంగా లేవని తేలింది. లోపల దొరికిన పనివాళ్ల కొలబద్దల్లో కొన్ని స్వీడన్ అడుగువి, కొన్ని ఆమ్‌స్టర్‌డామ్ అడుగువి. ఒకటి 12 అంగుళాలు, ఇంకోటి 11. రాజుగారి ఓడకే అంత తేడా వస్తే, బల్ల మీది ఓడలో మిల్లీమీటరు తేడాకు కిట్ అటకెక్కించడం అన్యాయం.

ఈ కళకు పాత చరిత్రే ఉంది. 17వ శతాబ్దం రెండో సగం నుంచి ఇంగ్లండ్ నౌకాదళం కోసం కట్టిన నమూనాలు చాలావరకు 48వ వంతు కొలతలో ఉంటాయి. వాటిలో ఎన్నింటికో కింది భాగానికి బద్దలే వేయలేదు, పక్కటెముకలు కనిపించేలా వదిలేశారు. ఆ రకంగా ముక్కు దగ్గరి సగం తంటా తప్పించుకున్నారని సరదాగా అనుకోవచ్చు. అమెరికాలో అన్నాపొలిస్ నౌకాదళ అకాడమీ మ్యూజియంలో వాటి గొప్ప సేకరణ ఉంది. ఇవి దొరల బల్లల కోసం తయారైనవి. నాకు ఇంతకంటే దగ్గరగా అనిపించేవి ఖైదీలు చేసినవి. నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడ్డ ఫ్రెంచివాళ్లను ఇంగ్లండ్‌లో పీటర్‌బరో దగ్గర నార్మన్ క్రాస్ శిబిరంలో ఉంచారు. తమకు పెట్టిన మాంసంలోని ఎముకల్ని వాళ్లు ఉడికించి, చెక్కి, బద్దలుగా కోసి ఓడలు కట్టారు. వాటిని సంతలో అమ్ముకున్నారు. చేతిలో నక్షా లేదు కాబట్టి చాలావాటిలో కొలతలు కుదరవు: తెరచాప కొయ్యలు మరీ పొడవు, ఫిరంగులు మరీ లావు. పీటర్‌బరో మ్యూజియం వాటిని ఈనాటికీ కాపాడుతోంది.

నక్షా పోయిన కథ మనవైపు కూడా ఒకటుంది. బొంబాయిలో వాడియా వంశపు పార్సీ నిపుణులు ట్రింకోమలీ అనే యుద్ధనౌక కట్టాల్సి ఉంది. దాని నక్షాలు జావా అనే ఓడలో బయల్దేరాయి. 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరాన అమెరికా నౌక కాన్‌స్టిట్యూషన్ ఆ జావాను ఓడించి తగలబెట్టింది. మళ్లీ నకళ్లు పంపించాల్సి వచ్చింది. చివరికి 1817 అక్టోబరు 12న మలబారు టేకుతో కట్టిన ఆ ఓడ నీళ్లలో దిగింది. ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది.

ట్రింకోమలీ నమూనా కట్టేవాళ్లకు సహజంగానే టేకు వాడాలనిపిస్తుంది. వాడకపోవడం మేలు. అసలు చెక్క 64 రెట్లు కుదించిన ఓడ మీద అబద్ధంలా కనిపిస్తుంది, ఎందుకంటే ఓడ చిన్నదైనా టేకు గీత చిన్నది కాదు. అందుకే పాశ్చాత్యులు పియర్, బాక్స్‌వుడ్ లాంటి గీత కనిపించని చెక్కల కోసం వెతుకుతారు. మనకు ఆ వెతుకులాట అక్కర్లేదు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర తెల్లగా, నునుపుగా, సన్నని అల్లికతో ఉంటుంది. ఓడ ఒంటికీ, కప్పీలు చెక్కడానికీ అది బాగా పనికొస్తుంది. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి మాత్రం ఈ పనికి మరీ మెత్తన.

తాళ్ల సంగతి ఎంత రాసినా తరగదు, ఒక్కటి చెప్పి వదిలేస్తాను. కొయ్యల్ని పక్కల నుంచి పట్టి ఉంచే తాళ్లకు నిచ్చెన మెట్లలా అడ్డదారాలు కట్టాలి. అసలు ఓడ మీద వాటి ఎడం 15 అంగుళాల దాకా ఉంటుంది, 64వ వంతులో అది 6 మిల్లీమీటర్లు. పెద్ద ఓడైతే ముడులు వేలల్లోకి పోతాయి. విశాఖ, కాకినాడల్లో ఉండేవాళ్లకు అదనపు చిక్కు: నూలు దారం తేమకు బిగుస్తుంది, ఎండకు సడలుతుంది. దారానికి తేనెమైనం పట్టించడం సగం మందు. మిగతా సగం అసలు నావికుల దగ్గరే ఉంది. ఆ తాళ్ల అడుగున మూడేసి కన్నాలున్న చెక్కబిళ్లలు జతలుగా ఉంటాయి, వాటి మధ్య సన్నతాడు. తాడు సడలినప్పుడల్లా విప్పి బిగించుకోవడానికే ఆ ఏర్పాటు. నమూనాలో కూడా ఆ ముడికి జిగురు వేయకుండా వదిలేస్తే, వానాకాలం పోయాక సర్దుకోవచ్చు.

మొదటి ఓడగా వంద ఫిరంగుల విక్టరీని ఎంచుకోవద్దని అనుభవజ్ఞులందరూ చెబుతారు, ఎవరూ వినరు. 1765లో నీళ్లలో దిగిన ఆ ఓడే ఇప్పుడు పోర్ట్స్‌మత్‌లో పెద్ద మరమ్మతులో ఉంది. 2022లో మొదలైన పనిలో పుచ్చిన పలకలు ఊడదీసి కొత్త ఓక్ పలకలు వేస్తున్నారు. దాని కిట్ తెరిచే ముందు ఒకే కొయ్య ఉన్న చిన్న పడవ కట్టడం మంచిది.

లేదా కిట్టే అక్కర్లేని మన తీరపు మసూలా పడవ కట్టొచ్చు. అలలు విరిగే చోట సరుకూ మనుషుల్నీ ఒడ్డుకు చేర్చిన పడవ అది. దానికి పక్కటెముకలు లేవు, మేకులు లేవు. పలకల అంచుల్లో కన్నాలు పొడిచి, లోపల కొబ్బరిపీచు లాంటివి ఒత్తుగా పెట్టి, తాడుతో కుట్టేవారు. ఇసుకను కొట్టుకున్నప్పుడు ఒళ్లు వంగి తట్టుకునేది. కుట్లు నానిపోతే విప్పి మళ్లీ కుట్టేవారు. నమూనా కట్టేటప్పుడు అడ్డపలకలు తాత్కాలిక అచ్చు మాత్రమే, పలకలు కుట్టడం పూర్తయ్యాక వాటిని బయటికి లాగేయాలి. పెద్ద కొలత ఎంచుకోండి, 20వ వంతు అయితే కన్నాలు చేతికి అందుతాయి. కొబ్బరితాడు ఈ కొలతకు మోటు, మైనం పట్టిన నూలు చాలు. కన్నాలు పలక అంచుకు మరీ దగ్గరగా పొడవొద్దు. అచ్చు లాగేముందు ప్రతి కుట్టునూ వేలితో నొక్కి చూసి, వదులుగా ఉన్న వరసను అక్కడికక్కడే విప్పేయండి.